మామయ్య క్షమించిన పేరా

"ఇది ఓటమి కాదు తల్లీ, ముస్తాబు," అంటూ ట్యూషన్ మేడం ల్యాప్‌టాప్‌ను గువ్వ వైపు తిప్పింది.

తెర మీద ఉన్నది కాలేజీ దరఖాస్తుతో పాటు పంపాల్సిన వ్యాసం. ప్రశ్న కాలేజీవాళ్ళే ఇచ్చారు: మీ జీవితంలో ఒక వైఫల్యం గురించి రాయండి, ఆ తర్వాత మీరేం చేశారో రాయండి. గువ్వ పరుగు పందెం గురించి రాసింది. చివరి మలుపులో కాలు జారింది, రెండో స్థానం వచ్చింది, మర్నాటి నుంచి పొద్దున్నే లేచి సాధన చేసింది.

"రెండో బహుమతిని ఓటమి అంటే నాలాంటివాళ్ళం ఏ గోడకి తల కొట్టుకోవాలి?" అంది మేడం. "నా దగ్గరకొచ్చే పిల్లల్లో సగం మంది పరుగు పందెంలో పడతారు. మిగతా సగం లెక్కల పరీక్షలో. చదివేవాళ్ళకి ఆవలింతలొస్తాయి."

వెనక బెంచీలో ఇద్దరు నవ్వారు. వాళ్ళలో ఒకడు లెక్కల పరీక్ష గురించి రాసి ఉన్నాడు.

"నిజంగా చేతులు కాల్చుకున్నది చెప్పు. ఎవరికీ చెప్పనిది ఒకటి ఉంటుందిగా."

గువ్వ ల్యాప్‌టాప్ మూత పట్టుకుని కూర్చుంది. "ఎవరు చదువుతారు మేడం?"

"నేను. కాలేజీలో ఇద్దరో ముగ్గురో. వాళ్ళకి నీ ముక్కూ మొహం తెలియదు."

"ప్రింటు తీస్తారా?"

"ప్రింటెందుకు? అంతా ఆన్‌లైనే."

గువ్వ ఆ ప్రశ్న అడగడానికి కారణం ఉంది. ట్యూషన్ నడిచేది రెండో అంతస్తులో. కింద, మెట్ల పక్కనే, జిరాక్స్ షాపు. అందులో పనిచేసేది గువ్వ మేనమామ.

ఆ భవనంలో లిఫ్టు ఉంది. గువ్వ మెట్ల మీదే దిగింది.

మామయ్య కౌంటరు వెనక కాగితాల దొంతర సర్దుతున్నాడు. అతని కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. ఆ చేతి మణికట్టుతో దొంతరను ఆపి, ఎడమచేత్తో అంచులు తడుతున్నాడు.

"ఏమే కోడలు పిల్లా, ఇవాళ ఏమంది మీ మేడం?"

"మళ్ళీ రాయమంది మామయ్యా."

"ఏం రాయాలట?"

"ఓడిపోయింది రాయాలట."

"ఆ మాత్రం దానికి ఆవిడ దాకా ఎందుకే? నన్నడిగితే కట్టలు కట్టలు ఇస్తాను. అద్దెకి తీసుకెళ్ళు, వాడుకుని తెచ్చివ్వు." మామయ్య నవ్వాడు. తర్వాత భోజనానికి వెళ్ళడానికి షట్టరు దించి తాళం వేశాడు. నాలుగడుగులు నడిచి వెనక్కి వచ్చి తాళం లాగి చూశాడు. మళ్ళీ నడిచి మళ్ళీ ఆగాడు.

"వేశాను కదూ?"

"వేశావు మామయ్యా."

"నువ్వు చూశావుగా?"

"చూశాను."

"అమ్మయ్య." అయినా ఇంకోసారి వెళ్ళి లాగి చూశాడు.

రెండేళ్ళుగా అంతే. ఇంట్లో గ్యాసు కట్టాడో లేదో చూడడానికి వీధి మలుపు నుంచి వెనక్కి వెళతాడు. అంతకుముందు అతను అలాంటి మనిషి కాదు.

అంతకుముందు అతనూ గువ్వ తండ్రీ కలిసి లిఫ్టులు బాగుచేసేవాళ్ళు. బావా బావమరదులిద్దరికీ చెరో ఎర్ర పలక ఉండేది. అరచెయ్యంత రేకు. లిఫ్టు దగ్గర పని మొదలుపెట్టే ముందు మెయిన్ స్విచ్ దించి దాని పిడికి పలక తగిలిస్తారు. లోపల మనిషి ఉన్నాడని దానర్థం. తగిలించినవాడే దాన్ని తీయాలి. ఇంకొకరు ముట్టుకోకూడదు. గువ్వకి అక్షరాల కంటే ముందు ఈ నియమం తెలుసు. అందరూ ఒకే ఇంట్లో ఉన్న రోజుల్లో మామయ్య తన పలకను స్నానాలగది తలుపుకి తగిలించి లోపలికి వెళ్ళేవాడు. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళు. కానీ పలక ఉన్నంతసేపు ఆ తలుపు ఎవరూ కొట్టేవాళ్ళు కాదు.

ప్రమాదం జరిగిన రోజు బడికి సెలవు. గువ్వ ఇద్దరికీ అన్నం క్యారేజీ తీసుకుని వాళ్ళు లిఫ్టు బాగుచేస్తున్న భవనం డాబా మీదకి వెళ్ళింది. తండ్రి గ్రీజు డబ్బా కోసం కిందకి వెళ్ళాడు. మామయ్య మెషీన్ గదిలో ఉన్నాడు. ఇనుప తాళ్ళు తిరిగే చక్రం గాడుల్లో గుడ్డ పెట్టి తుడుస్తున్నాడు. గాలికి గది తలుపు మూసుకుంది. తలుపు బయట గోడకి స్విచ్, స్విచ్‌కి పలక. కింది అంతస్తుల్లో ఎవరో లిఫ్టు తలుపు బాదుతున్నారు. సామాన్లతో నిలబడిపోయామని, ఇంకెంతసేపని అరుస్తున్నారు. గదిలోంచి అలికిడి లేదు. మామయ్య చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడనీ, పలక తీయడం మరిచిపోయాడనీ గువ్వ అనుకుంది. పిలిచి చూడలేదు. పలక తీసింది. స్విచ్ ఎత్తింది.

చక్రం తిరిగిన చప్పుడు వచ్చింది. దాని వెనకే వచ్చిన చప్పుడు చక్రానిది కాదు.

తండ్రి మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు. స్విచ్ దించాడు. గువ్వ చేతిలో ఉన్న పలకను చూశాడు. దాన్ని తీసుకుని, గదిలోకి వెళ్ళి, స్పృహ లేకుండా కిందపడి ఉన్న మామయ్య పక్కన ఉన్న పనిసంచిలో వేశాడు. తర్వాత బయటికొచ్చి కూతురి భుజం పట్టుకున్నాడు.

"నువ్వు ఇవాళ ఇక్కడికి రాలేదు," అన్నాడు. "మెట్ల మీద నుంచి వెళ్ళు."

విచారణకొచ్చిన ఇన్‌స్పెక్టరు, పనివాడు పలక తగిలించకుండా లోపలికి వెళ్ళాడని, పలక లేదు కదా అని ఎవరో స్విచ్ ఎత్తారని రాసుకున్నాడు. లిఫ్టుల మీద పనిచేయడానికి మామయ్యకిచ్చిన కార్డు రద్దయింది. ఆసుపత్రి మంచం మీద మామయ్య ఒకే మాట అంటూ ఉండేవాడు. "తగిలించాననే అనుకున్నాను. సంచిలో దొరికిందంటే తగిలించలేదన్నమాటే. నా బుర్ర ఎక్కడ పెట్టుకున్నానో." జిరాక్స్ షాపులో పని చూసిపెట్టింది గువ్వ తండ్రే. "బావ లేకపోతే నేను వీధిన పడేవాణ్ణి," అని మామయ్య కనిపించిన అందరికీ చెబుతాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర తండ్రి అడిగాడు.

"వ్యాసం అయిందా?"

"లేదు నాన్నా. పరుగు పందెం చాలదంట."

"చాలకపోవడమేంటి? పడ్డావు, లేచావు. ఇంకేం కావాలట?"

"ఇంకా పెద్దది కావాలట."

తండ్రి చెయ్యి కంచంలో ఆగింది. గువ్వ తల్లి కూర గిన్నె అందిస్తూ, "పోనీ నన్ను వంటలో ఎలా ఓడించాలో తెలియక చచ్చిపోతున్నానని రాయవే," అంది. ఎవరూ నవ్వలేదు. తండ్రి కూతురి వైపు చూశాడు.

"నీకు ఇంకేం ఓటములున్నాయి?"

"ఇంకేం లేవు నాన్నా."

"లేవుగా. మరి ఉన్నదే బాగా రాయి."

గువ్వ ఆ వారంలోనే రాసింది. పలక గురించి, తలుపు గురించి, పిలవకపోవడం గురించి, తండ్రి అన్న మాట గురించి. చదివేది ముక్కూ మొహం తెలియనివాళ్ళే అని తనకి తాను చెప్పుకుంది.

మేడం చదివి కళ్ళజోడు తీసింది. చాలాసేపు తుడిచింది.

"ఇది నిజమేనా?"

"నిజమే మేడం."

"కింద జిరాక్స్ ఆయనేనా?"

గువ్వ తలూపింది.

"ఆయనకి తెలుసా?"

"తెలియదు."

"అయితే ఇందులో సగమే ఉంది," అంది మేడం. "ప్రశ్న రెండు ముక్కలు. ఓడిపోయాక ఏం చేశావన్నది రెండోది. ఏం చేశావు?"

"ఏమీ చేయలేదు."

"వెళ్ళి ఆయనకి చెప్పు. అప్పుడు రాయి. కాలేజీ కోసం చెప్పమనడం లేదమ్మా. గడువుకి ఇంకా టైముంది."

గువ్వ మూడుసార్లు షాపు దాకా వెళ్ళింది. మొదటిసారి మామయ్య ఎవరిదో గుర్తింపుకార్డు కాపీ తీస్తూ జోకులేస్తున్నాడు. రెండోసారి ఆమె నోరు తెరిచేలోపు, "మీ నాన్నకి జలుబు తగ్గిందా? మందు కొన్నాను, ఇచ్చెయ్యి," అని పొట్లం చేతిలో పెట్టాడు. మూడోసారి షట్టరుకి తాళం వేసి లాగి చూస్తున్నాడు. గువ్వ దూరం నుంచే తిరిగి వెళ్ళిపోయింది.

మర్నాడు కూర్చుని చివరి పేరా రాసింది. ఒక మధ్యాహ్నం మామయ్య ఇంటికి వెళ్ళానని రాసింది. తలుపు కొడితే అత్త తీసిందని, మామయ్య కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడని, నిలబడే అంతా చెప్పానని రాసింది. మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ చేతినే గువ్వ తల మీద పెట్టి, చిన్నపిల్లవి నీకేం తెలుసు అన్నాడు. అత్త తెచ్చిన టీ ఎవరూ తాగక చల్లారిపోయింది. ఆ టీ దగ్గర వ్యాసం ముగిసింది.

మేడం ఆ పేరా రెండుసార్లు చదివింది. లేచి వచ్చి గువ్వ వీపు తట్టింది. "చెప్పేశావన్నమాట! అది రాయడం కంటే కష్టం."

గువ్వ పుస్తకాలు సంచిలో సర్దుకుంది.

గడువు రోజు మధ్యాహ్నం గువ్వ ట్యూషన్‌కి వచ్చేసరికి మిగతా పిల్లలు దరఖాస్తులు పంపేసి వెళ్ళిపోయారు. మేడం ఒక్కతే ఉంది.

"నీదొక్కటే మిగిలింది. కిందకెళ్ళి కాపీ తెచ్చుకో, పంపేద్దాం."

"ఏం కాపీ మేడం?"

"మీ మామయ్యకి ఫైలు పంపాను. ప్రింటు తీసుకుని చదవమన్నాను. ఆయన గురించి రాసి ఆయనకి చూపించకుండా పంపితే ఏం బాగుంటుంది? ఆయనే క్షమించాక ఇంక దాపరికమేముంది?" గువ్వ మొహం చూసి మేడం ఆగింది. "ఏం? తప్పయిందా?"

"లేదు మేడం," అంది గువ్వ.

మెట్లు దిగుతుంటే జిరాక్స్ మెషీన్ చప్పుడు వినపడలేదు. షాపులో మామయ్య ఒక్కడే ఉన్నాడు. కౌంటరు మీద కాగితాలు రెండు జతలు, రెండిటికీ పిన్ను కొట్టి ఉంది. అంచులు సర్ది ఉన్నాయి.

"రెండు కాపీలు తీశాను," అన్నాడు మామయ్య. "ఒకటి నాకు."

"మామయ్యా..."

"ఇక్కడ కాదు. పద, ఇంటికి పోదాం."

షట్టరు దించాడు. తాళం వేశాడు. నడిచాడు. గువ్వ అతని వెనక నడుస్తూ ఎదురుచూసింది. నాలుగడుగులయ్యాయి. వీధి మలుపు వచ్చింది. మామయ్య వెనక్కి రాలేదు. తల కూడా తిప్పలేదు.

మామయ్య వాళ్ళది అయిదో అంతస్తు. ఆ ప్రమాదం తర్వాత అతను లిఫ్టు ఎక్కడం ఎవరూ చూడలేదు. కూరగాయల సంచులతో కూడా మెట్లే ఎక్కేవాడు. ఇవాళ లిఫ్టు ముందు నిలబడి చిటికెనవేలితో మీట నొక్కాడు.

"ఎక్కు."

తలుపులు మూసుకున్నాయి. మామయ్య పైకప్పు వైపు తల ఎత్తి విన్నాడు. మూడో అంతస్తు దాటాక పైనుంచి కీచుమని చప్పుడొచ్చింది.

"బేరింగు అరుస్తోంది," అన్నాడు. "బావకి చెప్పాలి."

తన ఇంటి ముందు తాళంచెవితో తలుపు తీసి, లోపలికి వెళ్ళి, గువ్వను బయటే ఉంచి తలుపు వేశాడు. వేసే ముందు అన్నాడు: "పిలిచినప్పుడు తలుపు కొట్టు. అలాగే రాశావుగా."

గువ్వ వసారాలో నిలబడింది. లోపల కుర్చీ ఈడ్చిన చప్పుడు. మామయ్య ఫోన్లో మాట్లాడిన చప్పుడు. తర్వాత అత్త గొంతు.

"ఏంటండీ ఇది, పిల్లని బయట నిలబెట్టారు? బుద్ధుందా?"

"కాసేపు ఊరుకో. తలుపు నువ్వే తీయాలి. అలా ఉంది ఇందులో."

"ఎందులో?"

"కొట్టవే," అన్నాడు మామయ్య.

గువ్వ తలుపు కొట్టింది. అత్త తీసింది. భుజం మీద సగం మడిచిన తువ్వాలు ఉంది.

"రావే తల్లీ. మీ మామయ్యకి ఎండదెబ్బ తగిలినట్టుంది."

మామయ్య కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. ఎడమచేతిలో కాగితాలు.

"మా ఇంట్లో కుర్చీ కిటికీ దగ్గర ఉండదు," అన్నాడు. "నువ్వు రాశావని జరిపాను. ఏమే, టీ పెట్టు."

"ఇప్పుడే తాగారు కదండీ," అంది అత్త.

"తాగడానికి కాదు. చల్లారడానికి."

అత్త అతని మొహం చూసింది. కదల్లేదు.

"ఇప్పుడు నువ్వు చెబుతావు," అన్నాడు మామయ్య గువ్వతో. "నిలబడే."

"నువ్వు చదివావు కదా మామయ్యా."

"నేను చదివాను. మీ అత్త చదవలేదు. చెప్పు."

గువ్వ చెప్పింది. వ్యాసంలో వాక్యాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఇక్కడ అలా రాలేదు. ముందు తండ్రి మాట వచ్చింది, తర్వాత క్యారేజీ, తర్వాత స్విచ్. పలక దగ్గర ఆగిపోయింది. మామయ్య ఆగమనలేదు, కానిమ్మనలేదు. చివరికి పలక కూడా చెప్పింది.

అత్త తువ్వాలు రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఏమంటోందండీ ఇది? పలక సంచిలోనే ఉందని అన్నయ్య చెప్పాడుగా?"

"తగిలించాను," అన్నాడు మామయ్య. భార్య వైపు తిరిగాడు. "విన్నావా? నేను తగిలించాను. తగిలించే లోపలికి వెళ్ళాను."

"విన్నానండీ."

"నా బుర్ర బాగానే ఉంది."

"బాగానే ఉంది." అత్త గోడకి ఆనుకుంది. గువ్వ వైపు మళ్ళీ చూడలేదు.

మామయ్య కాగితం తిప్పాడు. "'మామయ్య చాలాసేపు మాట్లాడలేదు.' ఇది కూడా ఉంది." అని చదివి కాగితం ఒళ్ళో పెట్టుకున్నాడు. మాట్లాడలేదు. కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చేశారు, అది వెళ్ళిపోయింది. వంటింట్లో కుళాయి చుక్కలు పడుతున్నాయి. గువ్వ కాళ్ళు నొప్పి పుట్టాయి. కూర్చోమని ఎవరూ అనలేదు.

"తర్వాతది నువ్వు చదువు," అని మామయ్య కాగితం చాచాడు.

గువ్వ అందుకుంది. "'మామయ్య ఆ చేతినే నా తల మీద పెట్టి...'"

"పూర్తిగా."

"'...చిన్నపిల్లవి, నీకేం తెలుసు అన్నాడు.'"

ఆ చెయ్యి కుర్చీ పట్టె మీద ఉంది. బొటనవేలు ఒకవైపు, చిటికెనవేలు ఒకవైపు. కదల్లేదు.

"ఎప్పుడన్నాను?"

గువ్వ తల దించుకుంది.

"దెబ్బలాటకి అడగడం లేదే. మొదటిసారి చదివినప్పుడు నిజంగానే అనుకున్నాను, అని ఉంటాననీ, మరిచిపోయి ఉంటాననీ. మతిమరుపు మనిషిని కదా. షాపులో నిలబడి ఆలోచించాను. ఏ మధ్యాహ్నం వచ్చావు, టీ ఏ కప్పులో ఇచ్చారు అని. మళ్ళీ మొదటి నుంచి చదివాను. అప్పుడు పలక కనిపించింది. పలక తగిలించినవాడు ఇదెలా మరిచిపోతాడు?"

గువ్వ ఫోన్ మోగింది. మేడం.

"ఎత్తు," అన్నాడు మామయ్య.

"ఎక్కడున్నావమ్మా? సాయంత్రం లోపు పంపకపోతే ఈ ఏడాదికి ఇంతే సంగతులు. మీ మామయ్య చదివారా? ఏమన్నారు?"

"ఇంకా ఏమీ అనలేదు మేడం," అంది గువ్వ. ఫోన్ పెట్టేసింది.

మామయ్య చొక్కా జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. గువ్వ పెన్నునీ అతన్నీ చూసింది. ఆమె వంగి, కాగితం బల్ల మీద పరిచి, చివరి పేరాను కొట్టేసింది. ఒక్కో వాక్యం మీద గీత గీస్తూ టీ దాకా వచ్చింది.

"ఇక్కడ ఏం రాయను మామయ్యా?"

"జరిగింది రాయి. ఇంకా అవ్వలేదు, కాస్త ఆగు." లేచాడు. "బేరింగు అరుస్తోందని బావకి ఫోన్ చేశాను. పనిసంచి తీసుకుని వస్తానన్నాడు. పాపం, ఎప్పుడు పిలిచినా వస్తాడు."

"మామయ్యా, నాన్న నా కోసమే..."

"అది ఆయన చెబుతాడుగా."

అత్త గొంతు లేచింది. "ఏం చేయబోతున్నారండీ?"

మామయ్య బీరువా మీద నుంచి తన పాత పనిసంచి దించాడు. రెండేళ్ళుగా అది అక్కడే ఉంది. అందులోంచి ఎర్ర పలక తీసి, దాని దుమ్ము చొక్కా అంచుతో తుడిచి, తలుపు తెరిచి బయటి పిడికి తగిలించాడు. తలుపు మూసి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తగిలించానా అని ఎవరినీ అడగలేదు.

గువ్వ పెన్ను పట్టుకుని కాగితం మీద ఖాళీ జాగా దగ్గర ఉంది.

కొంతసేపటికి లిఫ్టు కదిలింది. ముగ్గురూ విన్నారు. మూడో అంతస్తు దాటాక కీచుమంది. అయిదో అంతస్తులో ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. పనిసంచిలో ఇనుపసామాను గలగలలాడింది. అడుగులు వసారాలో దగ్గరికొచ్చాయి.

తలుపు ముందు ఆగాయి.

ఎవరూ తలుపు కొట్టలేదు.